స్ఫటికంలో చుట్టరికం

కిరణ్మయి పేపరు అచ్చయిన సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది కిరణ్మయికే.

ఆ సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ చింతపండు కొనడానికి గోల్‌బజార్లో చెన్నకేశవరావు కొట్టు దగ్గర సైకిలాపింది. కొట్టాయన తెలుగు సంఘానికి కార్యదర్శి కూడా. తూకం వేయబోతున్నవాడల్లా ఆమెను చూసి చెయ్యి ఆపాడు. లోపలున్న భార్య పరమేశ్వరిని పిలిచి, మన నూకయ్య గారమ్మాయి పెద్ద సైన్సు పత్రికలో పడిందని గొప్పగా చెప్పాడు. ఏ పత్రికని కిరణ్మయి అడిగింది. అంత అణకువ పనికిరాదమ్మా అని నవ్వి, ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు.

సంఘం గ్రూపులో అమర్‌నాథ్ పెట్టిన ఫోటో అది. ఒక పేపరు మొదటి పేజీ. పేర్లు మూడే ఉన్నాయి. ముందు కిరణ్మయి, తర్వాత ఏంజలిన్, ఆఖర్న అమర్‌నాథ్. ఫోటో కింద ‘మన న్యూ సెటిల్‌మెంట్ ఆడబిడ్డ’ అని రాసి, పూలగుత్తుల బొమ్మలు పెట్టాడు.

పేపరు పేరు చదివి, ఫోటోని వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చదివింది. అది తను రాసినది కాదు. అందులో ఉన్న విషయం నిజం కాదని ఎండాకాలంలో అమర్‌నాథ్‌కి చెప్పింది తనే.

చెన్నకేశవరావు చింతపండుకి డబ్బులు తీసుకోలేదు. ఇది మా సంతోషం అన్నాడు.

అమర్‌నాథ్ ఆమెకు పరాయివాడు కాడు. అతని నాన్న, ఆమె నాన్న నూకయ్య ఒకే రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాళ్లు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఒకే వరసలో క్వార్టర్లు. ఇద్దరి పెద్దలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని బెంగాల్లోని ఈ ఊరికి వచ్చినవాళ్లే. కిరణ్మయి ఆరో తరగతిలో లెక్కలు రాక ఏడుస్తుంటే, కాలేజీలో చదువుతున్న అమర్‌నాథ్ పిలిచి వరండాలో కూర్చోబెట్టుకుని నేర్పాడు. సైన్సు గ్రూపు తీసుకోమన్నదీ అతనే. నూకయ్య ఒకసారి డ్యూటీ నుంచి వస్తూ గుండెనొప్పితో దారిలో కూలబడితే, రిక్షా కోసం చూడకుండా తన స్కూటరు మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని ఆస్పత్రికి చేర్చిన మనిషి. నూకయ్య ఇంట్లో ఏ మంచి వంట వండినా ఒక గిన్నె వాళ్లింటికి వెళ్లవలసిందే.

ఊరి చివర, సాలువా అనే చోటికి వెళ్లే దారిలో ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రం వెలిశాక, అమర్‌నాథ్ అక్కడ సైంటిస్టుగా చేరాడు. కిరణ్మయి ఎమ్మెస్సీ అవగానే స్కాలరుగా తీసుకున్నాడు. ల్యాబులో నలుగురి ముందు సర్ అనేది, గేటు దాటాక అన్నయ్యా అనేది.

ఆమె పని ప్రొటీన్లతో. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి పేర్చిన పొడుగాటి గొలుసు. ఆ గొలుసు తిన్నగా ఉండదు. మడతలు పడి, ఉండ చుట్టుకుని, ఒక ఆకారానికి వస్తుంది. అలా మడత పడినప్పుడు గొలుసులో ఎక్కడో ముందున్న పూస, ఎక్కడో వెనకున్న పూస పక్కపక్కకి వచ్చి తగులుతాయి. ఏ పూస ఏ పూసకి తగులుతోంది, ఆ తగలడం వల్ల ప్రొటీన్ నిలబడుతోందా, పనిచేస్తోందా అన్నది చూడడం ఆమె పరిశోధన. ప్రొటీన్‌ని స్ఫటికంగా గడ్డకట్టించి, ఎక్స్‌రేలతో చూసి, ప్రతి అణువూ ఎక్కడుందో కొలిచి ఎవరెవరో ఎక్కడెక్కడో దాచిపెట్టిన లెక్కలున్నాయి. వాటిని దించుకుని, దూరాలు లెక్కగట్టి, తగిలే జతలన్నీ ఏరి, పటం గీసేది. ఆ పటం చూస్తే ఆమెకు మనుషుల మధ్య రాకపోకలు చూస్తున్నట్టే ఉండేది. గంటలు తెలిసేవి కావు.

మందులకి లొంగని ఒక సూక్ష్మజీవిలోని ఎంజైము మీద పనిచేస్తుండగా ఆమెకొక జత దొరికింది. ఒక గొలుసులోని ఆర్జినిన్ అనే పూస, పక్క గొలుసులోని గ్లూటమేట్ అనే పూస. ఒకటి ధనావేశం, ఒకటి ఋణావేశం. రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ పట్టు వల్లనే రెండు గొలుసులూ జంటగా పనిచేస్తున్నాయంటే, ఆ పట్టు విడగొట్టే మందు తయారుచేస్తే సూక్ష్మజీవి పని అయిపోయినట్టే. అమర్‌నాథ్ ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. ఇంత పెద్దది మన చేతికి ఇదివరకెప్పుడూ రాలేదన్నాడు. అవతలి గదిలో ప్రయోగాలు చేసే ఏంజలిన్‌ని పిలిచి, ఆర్జినిన్ తీసేసి ఇంకొకటి పెట్టి ఎంజైము పనిచేస్తుందో లేదో చూడమన్నాడు. ఏంజలిన్ పక్కనే ఉన్న నిమ్‌పురా అమ్మాయి, వాళ్ల నాన్న గూడ్సు బండ్లు నడుపుతాడు. కిరణ్మయికి ఎమ్మెస్సీ నుంచీ జంట. ఇద్దరూ ఒకే టిఫిను డబ్బాలో తినేవాళ్లు.

సంతోషం వేసవి దాకానే నిలిచింది. కిరణ్మయికి ఎందుకో అనుమానం వచ్చి, అదే ఎంజైముకి వేరేవాళ్లు వేరే రకంగా కట్టిన స్ఫటికాల లెక్కలు తీసి చూసింది. ఒకదాన్లోనూ ఆ జత లేదు. రెండు గొలుసులూ అక్కడ దూరదూరంగా, ఒకదానికొకటి సంబంధం లేనట్టున్నాయి. అంటే మొదటి స్ఫటికం గడ్డకట్టేటప్పుడు గొలుసుల్ని దగ్గరగా పేర్చడం వల్ల ఆ రెండూ తగిలాయి తప్ప, బతికున్న జీవిలో వాటికి పొత్తే లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ మర్నాడు పొద్దున్నే అమర్‌నాథ్ దగ్గరికి వెళ్లి, ఏంజలిన్ కూడా ఉండగా, రెండు స్ఫటికాలనూ పక్కపక్కన పెట్టి చూపించింది.

అతను మౌసు అందుకుని రెండు బొమ్మల్నీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముందే సూసినావు, మంచిదయింది," అన్నాడు చివరికి. "లేకపోతే నవ్వులపాలయిపోదుం. దీన్ని పక్కన పెట్టేద్దాం."

ఆమె పక్కన పెట్టింది. వేరే పని మొదలెట్టింది. అమర్‌నాథ్ ఆ రోజు తనే టీ తెప్పించి, ఇలాంటి తప్పు తామే పట్టుకునేవాళ్లు కదమ్మా సైంటిస్టులు అని మెచ్చుకున్నాడు కూడా. దేనికో వివరించకుండా, అన్నయ్య మెచ్చుకున్నాడని మాత్రం ఆమె ఇంట్లో అమ్మకి, నాన్నకి చెప్పుకుంది.

కొట్టు నుంచి సైకిలు తిప్పి ఆమె తిన్నగా అమర్‌నాథ్ ఇంటికే వెళ్లింది. అతను వరండాలో ఫోన్లో ఎవరివో అభినందనలు అందుకుంటున్నాడు. ఆమెను చూసి నవ్వుతూ ఫోను పెట్టేసి, రామ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఇదేమిటని అడిగింది.

అతను మొదట తేలిగ్గానే మాట్లాడాడు. స్ఫటికం వల్ల వచ్చిందన్నది నీ అనుమానం, అనుమానాన్ని పట్టుకుని అంత పని పారేసుకుంటామా అన్నాడు. ఏంజలిన్ ప్రయోగంలో ఎంజైము పని సగానికి పడిపోయిందన్నాడు. కేంద్రానికి డబ్బులిచ్చేవాళ్లు తనిఖీకి వస్తున్నారని, చూపించడానికేమీ లేకపోతే ల్యాబు మూసేస్తారని, మూసేస్తే నీ పీహెచ్‌డీ ఏమవుతుందని అడిగాడు. మొదటి పేరు నీదే పెట్టినాను, నా పేరు ముందు పెట్టుకున్నానేటి అన్నాడు.

కిరణ్మయి ఒక్కటే అడిగింది. పేపరు పంపినప్పుడు పత్రికవాళ్లు రచయితలందరికీ మెయిల్ పంపి ఒప్పుదల అడుగుతారు. తనకి ఆ మెయిల్ రాలేదు. మరి ఒప్పుకున్నదెవరు?

వీధిలో ఎవరో పోతుంటే అమర్‌నాథ్ వాళ్లు దాటేదాకా ఆగాడు. ల్యాబు పని సులువుగా ఉంటుందని అందరి పేర్లతోనూ ఒక్కో మెయిల్ తెరిచానన్నాడు. పాస్‌వర్డు తన దగ్గరే ఉందన్నాడు.

ఆమెకు అప్పుడు కోపం కూడా రాలేదు. చిన్నప్పుడు లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో తనే వెతుక్కోమని, చెప్పడానికి ససేమిరా అనే మనిషి ఇతనేనా అని చూస్తూ నిలబడింది. పోలికలు అవే. గొంతూ అదే.

మర్నాడు ఏంజలిన్ క్యాంటీనులో కనబడింది. కిరణ్మయి ఎదురుగా కూర్చునేసరికి ఆమె తింటున్న ముద్ద ఆపేసింది. ప్రయోగం సంగతి అడిగితే దాచలేదు. మొదటిసారి చేసినప్పుడు ఎంజైము పని తగ్గిన మాట నిజమే. సరుకు పాడైందేమోనని మళ్లీ తాజాగా తయారుచేసి రెండుసార్లు చూస్తే ఏ తేడా లేదు. ఆ సంగతి సార్‌కి చెప్పింది. పేపర్లో మొదటిదొక్కటే వేశారు.

"నాకొక్క మాట సెప్పాలనిపించలేదా?" అంది కిరణ్మయి.

"నీకు తెలుసనుకున్నాను."

ఏంజలిన్ తల వంచుకుంది.

"లేదు," అంది. "నీకు తెలీదని నాకు తెలుసు. నా ఫెలోషిప్ సంతకం ఆయన చేతిలో ఉందే."

టిఫిను డబ్బా ఇద్దరి మధ్యా మూత తీసి అలాగే ఉంది. కిరణ్మయి లేచి వచ్చేసింది.

ఇంట్లో అప్పటికే పండగలా ఉంది. నూకయ్య రిటైరయ్యి రెండేళ్లు. ఆయనకి రోజూ సాయంత్రం పార్కు దగ్గర కూర్చునే పాత షాపువాళ్లున్నారు. వాళ్లందరికీ సందేశ్ మిఠాయి పంచిపెట్టాడు. ఒక బెంగాలీ మిత్రుడు పేపరు ప్రింటు తీసి ఇస్తే, అర్థం కాకపోయినా పేర్ల దగ్గర వేలు పెట్టి అందరికీ చూపించాడు. ఆదివారం గుడి హాల్లో కిరణ్మయికి, అమర్‌నాథ్‌కి సన్మానమని సంఘం వాళ్లు కబురు చేశారు. తల్లి సింహాచలమ్మ బీరువాలోంచి పట్టుచీర తీసి ఎండలో ఆరేసింది.

కిరణ్మయి ఆ సన్మానం వద్దంది. ఎందుకో చెప్పింది. చెప్పినకొద్దీ నూకయ్య ముఖం ముడుచుకుపోయింది. ఆయనకు ఎంజైములూ స్ఫటికాలూ బోధపడలేదు. బోధపడినది ఒక్కటే, ఈ పిల్ల అమర్‌నాథ్‌ని దొంగ అంటోంది.

"నీ పేరు ముందేసినాడు కదే," అన్నాడు. "తన పేరు ఎనకేసుకున్నాడు. ఇది దొంగతనం ఎలాగవుద్ది?"

"నా దగ్గిర్నుంచి ఏటీ దొంగిలించలేదు నాన్నా. నేను సూడనిది సూసినానని నా నోట్లో పెట్టినాడు. నన్నడక్కుండా నా సేత అబద్ధం ఆడించినాడు."

నూకయ్య చొక్కా వేసుకుని బయటికెళ్లిపోయాడు. అన్నం వేళకి గానీ రాలేదు.

ఆలోగా ఆయన వెళ్లింది అమర్‌నాథ్ ఇంటికే. కిరణ్మయికి ఆ సంగతి చాలా కాలం దాకా తెలియదు.

శనివారం పొద్దున్న అమర్‌నాథే వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. సింహాచలమ్మ ఇచ్చిన టీ చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. తప్పయిందన్నాడు. తనిఖీ భయంలో బుద్ధి పనిచేయలేదని, పేపరు వెనక్కి తీసుకుంటానని, పత్రికకి ఉత్తరం తనే రాస్తానని చెప్పాడు. తను కూడా రాస్తానంది కిరణ్మయి. పేపరు తరఫున పత్రికతో ఉత్తరాలు నడిపేవాడిగా ఇచ్చింది తన పేరే కాబట్టి తను రాస్తేనే మర్యాద అన్నాడు. ఇద్దరి ఉత్తరాలూ వెళ్తే అదొక తగువులా ఉంటుందన్నాడు. రేపటి సన్మానం మాత్రం ఆపొద్దని, ఆపితే ఇంతమంది మనవాళ్లలో తలెత్తుకోలేనని అన్నప్పుడు అతని గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు. ఆ సంగతి కిరణ్మయి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అలాగే అనిపించింది.

"నామీద నమ్మకముంచమ్మా," అన్నాడు.

ఆమె ఉంచింది. గుండెనొప్పి వచ్చిన నాన్నని నడుముకి కట్టుకుని తీసుకెళ్లినవాడు ఇంట్లోకి వచ్చి తప్పయిందంటే, ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఆదివారం పట్టుచీర కట్టుకుని గుడి హాల్లో అతని పక్కన కూర్చుంది. శాలువా కప్పారు. చెన్నకేశవరావు మైకులో ఆమెను బెంగాల్లో తెలుగుదీపం అన్నాడు. జనం చప్పట్లు కొడుతుంటే ఆమె నేల చూపులు చూసింది, అందరూ అది సిగ్గనుకున్నారు. ముందు వరసలో నూకయ్య చెమర్చిన కళ్లు తుడుచుకోకుండా కూర్చున్నాడు.

ఆ తర్వాత అడిగినప్పుడల్లా అమర్‌నాథ్ ఉత్తరం వెళ్లిందనేవాడు. పత్రికవాళ్ల పద్ధతులు నెమ్మదిగా ఉంటాయనేవాడు. తనిఖీ జరిగింది. డబ్బు మంజూరయింది. చలికాలం పోయి, మామిడి పూత వచ్చింది. ఒక మధ్యాహ్నం కిరణ్మయి పత్రిక వెబ్‌సైటు తెరిచేసరికి, ఆ పేపరు మీద ఎర్రక్షరాలతో అడ్డంగా ముద్ర ఉంది. ఉపసంహరించుకోవడమైనది అని.

ఊపిరి పీల్చుకుంది. తర్వాత కింద ఇచ్చిన వివరణ చదివింది.

స్ఫటికపు పేర్పు వల్ల కలిగే తాకిడిని మొదటి రచయిత గుర్తించలేదని, ఆమె చేసిన విశ్లేషణలోని ఈ లోపం తమ దృష్టికి రాగానే బాధ్యతగా పత్రికకు తెలియజేశామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది. తెలియజేసినవారు డాక్టర్ అమర్‌నాథ్, ఏంజలిన్.

రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది. ఒక్కొక్క మాటా అప్పటికే లోపల దిగబడిపోయింది. పేపరు వేసినప్పుడు అతను భయంతో చేశాడు, అది తప్పు. కానీ ఈ నాలుగు వాక్యాలు తీరిగ్గా, పదం పదం చూసుకుని రాసినవి. తను శాలువా కప్పించుకుని అతని పక్కన కూర్చున్నప్పుడే ఇవి అతని బుర్రలో ఉండి ఉంటాయి.

కేంద్రం పెద్దలకు ఫిర్యాదు చేసింది. ముగ్గురితో ఒక కమిటీ వేశారు. ఆమె తన దగ్గరున్న ఫైళ్లు చూపించింది. రెండో స్ఫటికాన్ని పోల్చి చూసిన తేదీ, పేపరు పంపిన తేదీ కంటే ముందుదని చూపించింది. ఫైలు చెప్పేది నీకు తెలుసనే గానీ నువ్వెవరికి చెప్పావో చెప్పదు కదా అన్నారు. పైగా అందులో పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకుంటూ, అయితే తప్పని ముందే తెలిసి పేపర్లో పేరు పెట్టనిచ్చావన్నమాట అన్నాడు. ఆమె మెయిల్ సంగతి ఎత్తింది. ఆ మెయిల్ నీ పేరుతోనే ఉందన్నారు. మరి పేపరొచ్చాక ఎందుకు మాట్లాడలేదని, సన్మానం కూడా చేయించుకున్నావు కదా అని అడిగారు. ఆ ఫోటో ఎవరో వాళ్లకి ముందే ఇచ్చారు.

ఏంజలిన్‌ని కూడా పిలిచారు. ఎండాకాలంలో కిరణ్మయి రెండు స్ఫటికాలనూ చూపించిన రోజు నువ్వు ఆ గదిలో ఉన్నావా అని అడిగితే, గుర్తులేదని చెప్పింది. చెప్పేటప్పుడు కిరణ్మయి వైపు చూడలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద ఒక నిమిషం ఆగింది, ఏదో అనబోయినట్టు. కిరణ్మయి కూడా ఆగింది. ఏంజలిన్ దిగి వెళ్లిపోయింది.

కిరణ్మయి ఫెలోషిప్ రద్దయింది. స్కాలర్ల పని ఇకమీదట మరింత జాగ్రత్తగా పర్యవేక్షించమని అమర్‌నాథ్‌కి సలహా ఇచ్చారు.

ఇంట్లో ఆ నెల్లాళ్లూ ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆడపిల్ల తొందరపాటు వల్ల పాపం అమర్‌నాథ్‌కి మాటొచ్చిందని సంఘంలో చెప్పుకున్నారు. చెన్నకేశవరావు కొట్లో ఆమె మీద ఎవరూ నోరు జారలేదు గానీ, పలకరింపులు పొట్టివయ్యాయి. సింహాచలమ్మ కూతురితో మామూలుగానే ఉండాలని చూసేది, చూస్తున్నట్టు తెలిసిపోయేది. నూకయ్య పార్కుకి వెళ్లడం మానేశాడు. కూతురి ఎదురుగా కూర్చోవడమూ మానేశాడు. ఆయన సిగ్గుపడుతున్నాడనుకుంది కిరణ్మయి. తన వల్లనే అనుకుని కుమిలింది.

ఒక ఆదివారం పొద్దున్న ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ ఎంజైము బొమ్మ తెరిచి కూర్చుంది. చేతిలో పని లేకపోయినా ఆ అలవాటు పోలేదు. నూకయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"ఏటది?" అన్నాడు.

ఆమె ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ అడగలేదు. కుర్చీ జరిపి, ఎర్రగా ఒకటి, నీలంగా ఒకటి ఉన్న రెండు పూసల్ని చూపించింది. ఇవి తగులుతున్నాయి గాబట్టి వీటికి పొత్తుందనుకున్నానని చెప్పింది. ఆయన ఆ రెంటి వైపూ చూసి, తగులుతున్నాయి కదా, మరి తప్పేటి అన్నాడు. ఆమె ఎలా చెప్పాలో ఆలోచించింది.

"పొద్దుట హౌరా లోకల్లో కాలు పెట్టడానికి సోటుండదు కదా నాన్నా. మన భుజానికి ఎవులి భుజమో ఆనుకుని హౌరా దాకా ఉంటాది. ఆళ్లు మన సుట్టాలేటి?"

"కారు."

"బండి దిగితే?"

"ఎవులి దారి ఆళ్లది."

"ఇదీ అంతే. స్ఫటికం కిక్కిరిసిన బండి లాటిది. ఇంకో బండిలో సూస్తే ఈ రెండూ పక్కపక్కనే లేవు. అదే నేను సూసింది."

నూకయ్య ముందుకు వంగి ఆమె తెరిచిన రెండో బొమ్మ చూశాడు. ఎర్రది ఒక మూలనుంది, నీలంది ఇంకో మూలనుంది.

"ఇది ఆడికి సెప్పినావా?"

"ఎండాకాలంలోనే సెప్పినాను. పేపరు ఎయ్యకముందే."

ఆయన మంచం మీద కూలబడినట్టు కూర్చున్నాడు. సన్మానానికి ముందు తను అమర్‌నాథ్ ఇంటికి వెళ్లినట్టు అప్పుడు చెప్పాడు. తప్పు కిరణ్మయిదేనని, చిన్నపిల్ల గాబట్టి భయపడి తన మీదకి తోస్తోందని, ఎవరికీ తెలీకుండా తను సర్దేస్తానని అమర్‌నాథ్ అన్నాడట. ఇంట్లో అడగొద్దని, అడిగితే పిల్ల బెంగపడుతుందని చెప్పాడట. నూకయ్య అతని చేతులు పట్టుకుని దండం పెట్టి వచ్చాడట.

"నమ్మినాను," అన్నాడు నూకయ్య. "నువ్వు సెప్పింది నమ్మలేదు. ఆడు సెప్పింది నమ్మినాను."

కిరణ్మయికి కమిటీ ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అమర్‌నాథ్ చేసినవాటిలో పేపరు కంటే, పత్రికకి రాసిన ఉత్తరం కంటే, ఇది లోతుగా తగిలింది. ఇన్నాళ్లూ తనింట్లో తనే ఒక అబద్ధాలకోరుగా తిరిగింది, తనకే తెలియకుండా. నాన్న తన ముఖం చూడనిది సిగ్గు వల్ల కాదు, అపనమ్మకం వల్ల. ఆమె చాలాసేపు ఏడ్చింది. సింహాచలమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఓదార్చడానికి నూకయ్య నోరు తెరవలేదు. తనకి ఆ హక్కు లేదన్నట్టు కూర్చున్నాడు.

చాలాసేపయ్యాక, "నాకు సగమే బోధపడింది," అన్నాడు. "మొదట్నుంచి ఇంకోసారి సెప్పు."

ఆమె ముఖం కడుక్కొచ్చి, మొదట్నుంచి చెప్పింది.

ఆ పనినే ఆమె తర్వాత ఒక చిన్న వ్యాసంగా రాసి, ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టింది. స్ఫటికంలో కనిపించే తాకిడి నిజమైనదో కాదో తేల్చే పద్ధతి అందులో ఉంది. ఉదాహరణకి తన పేరుతో వచ్చి పోయిన పేపర్నే తీసుకుంది. ఎవరినీ నిందించలేదు. అడుగున ఒకే పేరు.

అమర్‌నాథ్‌కి ఏమీ కాలేదు. ల్యాబు నడుస్తోంది, కొత్త స్కాలర్లు చేరారు. నూకయ్య మళ్లీ పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడెవరైనా అమర్‌నాథ్ మాట ఎత్తితే కూతురి గురించి, మా గుంట తప్పు సెయ్యలేదు, అని మాత్రం అనేవాడు. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. నూకయ్య ఇంటి నుంచి అమర్‌నాథ్ ఇంటికి గిన్నె వెళ్లడం ఆగిపోయింది. ఏంజలిన్ క్రిస్మసుకి కేకు పంపింది. సింహాచలమ్మ తీసుకుంది, కిరణ్మయి ముట్టలేదు.

ఆ వ్యాసం చదివి భువనేశ్వర్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ మెయిల్ రాసింది. ఒడియా ఆవిడ, రిటైర్మెంటు దగ్గర పడినామె, తక్కువ మాటల మనిషి. ఇంటర్వ్యూలో ఉపసంహరణ సంగతి సూటిగా అడిగింది. కిరణ్మయి జరిగినదంతా చెప్పింది. నిజమో కాదో నేను తేల్చలేను గానీ నీ వ్యాసంలో లెక్క సరిగ్గా ఉందని చెప్పి, ఆమె చేర్చుకుంది.

అక్కడ పీహెచ్‌డీ మళ్లీ మొదట్నుంచి. కొత్త ఊళ్లో, కొత్త హాస్టల్లో కిరణ్మయి బాగానే పనిచేసింది. నవ్వడం కూడా వచ్చింది. ఒకటి మాత్రం రాలేదు. ఎవరైనా ‘నేను చూసుకుంటాలే’ అంటే ఆ రోజంతా ఆమె తన మెయిళ్లు మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేది. మంచివాళ్లన్నా సరే.

ఏడాది తిరిగాక వాళ్ల మొదటి పేపరు సిద్ధమయింది. పంపే రోజున ప్రొఫెసరమ్మ తన గదిలో కంప్యూటరు తెరిచి, పత్రిక సైటులో వివరాలు నింపడం మొదలుపెట్టింది. నేను పంపేస్తాను, నువ్వెళ్లి భోంచెయ్ అంది. కిరణ్మయి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. అడగడం అమర్యాదని తెలుసు.

"మేడమ్, మీరు పంపేటప్పుడు నేనిక్కడే ఉండొచ్చా?" అని ఇంగ్లిషులో అడిగింది.

ప్రొఫెసరమ్మ అద్దాల మీదుగా ఆమెను చూసింది. ఎందుకని అడగలేదు. పక్కనున్న కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టి, ఆ కుర్చీని తెర ఎదురుగా లాగింది.